రశీదు

నాలుగు రాత్రులకి ముగ్గురు కుర్రాళ్ళు.
డబ్బు ముందే కట్టారు. కొండమెట్లెక్కి రొప్పుతూ వచ్చి
కిటికీ దగ్గర "అబ్బ, సముద్రం!" అన్నారు.
అలా అన్నవాళ్ళని నేను ఇట్టే నమ్మేస్తాను.
వల్పరాయిసోలో సముద్రం ఎవరింట్లోంచైనా కనిపిస్తుంది,
అయినా నా కిటికీలోదాన్ని ఎవరైనా మెచ్చుకుంటే
నేనే కని పెంచినట్టు పొంగిపోతాను.

వాళ్ళు వెళ్ళాక తలుపు తీస్తే
సిగరెట్ల కంపు, ఒలికిన వైను వాసన.
బల్ల మీద ఇస్త్రీపెట్టె ఆకారంలో నల్లటి మచ్చ,
ఇస్త్రీ చేసుకునే చెక్క పక్కనే నిలబడి చూస్తుండగా.
ఆరు తువ్వాళ్ళకి నాలుగు.
స్నానాలగది గొళ్ళెం ఊడి సబ్బుపెట్టెలో పడుకుంది.
ఇవన్నీ చూసి, చీపురు తెచ్చుకుని
సగం గది ఊడ్చాక గాని తల ఎత్తలేదు.
గోడ మీద నాన్న బారోమీటరు లేదు.

విప్పిన నాలుగు మరలు మాత్రం
కిటికీ గట్టు మీద వరసగా పేర్చి వెళ్ళారు.
ఎంత ఓపికమంతులో.

మా అక్క కూతురు యస్నా ఫోన్లో ఫారం నింపింది.
వస్తువు పేరు. కొన్న తేదీ. ధర. రశీదు జతచేయండి.
"ఎప్పుడు కొన్నారు పిన్నీ?"
కొనలేదే. మునుగుతున్న ఓడ కెప్టెను ఒకాయన
తనని ఒడ్డుకి లాగిన టగ్గు పడవ మనిషికి ఇచ్చాడు.
ఆ మనిషి మీ తాత.
"దానికి ఇందులో గడి లేదు."
కాసేపటికి, "పని చేస్తుందా?"
నా పదకొండో ఏట ముల్లు 'వర్షం' దగ్గర ఆగింది.
"అయితే పాడైంది అని పెట్టనా?"
పెట్టకు. ఏడాదికి నలభై రోజులు నిజమే చెబుతుంది.

మునుపటి ఫోటో ఏదైనా ఉందా అని అడిగారు.
ఉన్న ఒక్క ఫోటోలో పూలకూజా వెనక
ఇత్తడి అంచు, గోరంత.
'అది సదరు వస్తువేనని నిర్ధారించలేకపోయాం' అని
ప్రియమైన ఎర్మెలిందా అంటూ ఎంతో మర్యాదగా రాశారు.
రెండు తువ్వాళ్ళకీ గొళ్ళేనికీ కలిపి పద్దెనిమిది వేల పెసోలు.
బల్ల మీది మచ్చ వాడకపు అరుగుదల కిందికి వస్తుందట.

కుర్రాళ్ళు నాకు ఐదు నక్షత్రాలిచ్చారు.
'అచ్చం సొంత ఇంట్లో ఉన్నట్టే.'

నా వంతు రాయబోతే యస్నా చెయ్యి పట్టుకుంది.
దొంగలు అనకు పిన్నీ, రుజువు లేదు.
'ఇంటి నియమాలు పాటించలేదు' అను, చాలు.
అన్నాను,
గొంతులో ముల్లు పెట్టుకుని
చేపల పులుసు బాగుందన్నట్టు.

తర్వాత దిగింది కొన్సెప్సియోన్ నుంచి ఒక ముసలి జంట.
వెళ్తూ వెళ్తూ ఆవిడ నన్ను కావిలించుకుంది.
ఆవిడ భుజం మీంచి నా కళ్ళు
ఆవిడ సంచీని తూకం వేశాయి.
వాళ్ళు మలుపు తిరగ్గానే చెంచాలు లెక్కపెట్టాను.
పన్నెండుండాలి. పదమూడున్నాయి.
మందు తాగే చెంచా, ఆవిడే మరిచిపోయింది.
పోస్టులో పంపాను. ఉత్తరం మాత్రం పెట్టలేకపోయాను.

ఆదివారం, అర్హెంతీనా వీధి పాతసామాన్ల సంతలో
తలుపు గడియలకీ చెయ్యి లేని బొమ్మకీ మధ్య
దుప్పటి మీద వెల్లకిలా పడుకుని
వర్షం అంటోంది.
ఎండ మాడు పగలగొడుతోంది.

పోలీసుల్ని పిలవాలి. యస్నాకి ఫోన్ చెయ్యాలి.
"ఎంత?" అన్నాను.
పదిహేను వేలన్నాడు.
పని చెయ్యదు కదా, అన్నాను,
నాన్న వస్తువుని, నా నోటితో నేనే.
పన్నెండుకి దిగాడు.

డబ్బు చేతిలో పెట్టి రశీదు అడిగాను.
సంతలో రశీదా అని వాడూ పక్కవాడూ నవ్వారు.
నేను కదల్లేదు. వెనక జనం పోగయ్యారు.
చివరికి సిగరెట్టు పెట్టె చింపి
మోకాలి మీద పెట్టి రాశాడు:
బారోమీటరు ఒకటి. ఇత్తడిది. పని చెయ్యదు. పన్నెండు వేలు.
పేరడిగాడు, చెప్పాను.
ఇంటిపేరు కూడా వెయ్యి, అన్నాను. పూర్తిగా.

రేపు ఎవరో ఇద్దరు దిగుతున్నారు.
నాలుగు మరలూ ఇంకా
కిటికీ గట్టు మీదే ఉన్నాయి.